గిర్రున తిరిగే నీళ్ల రాకెట్ ఊగిపోతుంటే

తమ్ముడూ, కూల్‌డ్రింక్ సీసా రాకెట్ తిరగాలని రెక్కలు 15 డిగ్రీలు వంచితే, పైకెళ్లి ఊగిపోతూ పడుతోందన్నావు. అంత వంపు వద్దు. రెండు మూడు డిగ్రీలు చాలు, అన్నీ ఒకే వైపుకి. తిరిగే వేగం, రాకెట్ సహజంగా ఊగే వేగం కలిశాయంటే ఊపు ఇంకా పెరుగుతుంది.

అసలు లోపం మాత్రం బరువులో ఉందనిపిస్తోంది. బరువు కేంద్రం (వేలి మీద పెడితే రాకెట్ అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోటు) గాలి ఒత్తిడి కేంద్రానికి (ఎగిరేటప్పుడు గాలి తోపు అంతా కలిసి పనిచేసే చోటుకి) ముందు, ముక్కు వైపు, కనీసం సీసా వెడల్పంత దూరంలో ఉండాలి. ముక్కులో బంకమట్టి ముద్ద పెట్టు. నీళ్లు పోయకుండా, బరువు కేంద్రం దగ్గర తాడు కట్టి తల చుట్టూ తిప్పు. ముక్కు ముందుకే సాగితే ఎగరెయ్యొచ్చు. మొదటిసారి రెక్కలు వంచకుండానే వదులు, నిటారుగా పోతుందో లేదో తెలుస్తుంది. నీళ్లు మూడో వంతు చాలు.

బేగంపేట, శంషాబాద్, హకీంపేట విమానాల దారుల్లో మాత్రం అస్సలు వద్దు. పంపు కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, పిల్లల్ని దూరంగా నిలబెట్టు.