హాట్ టబ్ మోటారు గుయ్యిమంటోంది, తిరగట్లేదు: రీవైండింగ్‌కి ఇచ్చే ముందు

స్విచ్ వేస్తే హాట్ టబ్ మోటారు మూలుగుతోందనీ, తిరగట్లేదనీ, అర నిమిషంలో ఎంసీబీ పడిపోతోందనీ రాశారు. వైండింగ్ (మోటారు లోపల వార్నిష్ పూసిన రాగితీగ చుట్ట) కాలిపోయింది, రీవైండింగ్ చేయించాల్సిందే అని మెకానిక్ అంటున్నాడన్నారు. నిజంగా కాలి ఉంటే ఈపాటికి మీకు వాసన వచ్చేది. కాలిన వార్నిష్ వాసన ఒకసారి ముక్కుకి తగిలితే మరిచిపోయేది కాదు. మీరు ఆ మాటే ఎత్తలేదు కాబట్టి మోటారుని అప్పుడే ఊడదీయనివ్వకండి.

మాకు చంద్రగిరి దగ్గర నాలుగు గదుల హోమ్‌స్టే ఉంది. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి దర్శనం చేసుకొచ్చినవాళ్లు పిక్కలు పట్టేసి కుంటుకుంటూ దిగుతారు. వాళ్ల కోసమే పెరట్లో టబ్ పెట్టించాం, రెండు హెచ్‌పీ పంపుతో. పోయినేడాది బ్రహ్మోత్సవాల్లో, అదీ గరుడ సేవ రోజు, అచ్చం మీరు చెప్పినట్టే మొరాయించింది. ఆ రోజు తిరుపతిలో మెకానిక్ దొరకడమా! ఫోన్ చేసిన ప్రతివాడూ కొండమీదే ఉన్నాడు.

మోటారు తిరగడం మొదలెట్టడానికి తోడ్పడే కండెన్సర్‌ని నేనే మార్చాను. రెండు వందలు కూడా కాలేదు. మోటారు తిరిగింది, నేను పెద్ద మెకానిక్‌నైపోయాను. రెండు నెలలకు మళ్లీ అదే మూలుగు. మళ్లీ కొత్త కండెన్సర్. మూడోసారి ఇక లాభం లేదని మా ఊళ్లో బోరు మోటార్లు చూసే పెద్దాయనను పిలిచాను. ఆయన మీటరు కూడా బయటికి తీయలేదు. మెయిన్ ఆపించి, మోటారు వెనక ఫ్యాన్ మూత తీసి, షాఫ్టు కొసన ఉండే గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి చూశాడు. అది కదిలితే ఒట్టు. "కండెన్సరుది తప్పేం లేదబ్బయ్యా, షాఫ్టే బిగుసుకోని ఉండాది" అన్నాడు.

తర్వాత పంపుకీ మోటారుకీ మధ్య సందులోకి టార్చి కొట్టి చూపించాడు. అడుగున తెల్లగా, గీజర్ రాడ్డుకి పట్టే పెచ్చులాంటిదే, గడ్డంలా వేలాడుతోంది. దాని పక్కనే తుప్పు రంగు చార. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. పంపులో నీళ్లు షాఫ్టు వెంట బయటికి రాకుండా ఆపే వాటర్ సీల్ అరిగి చుక్క చుక్క కారితే ఆ నీళ్లు ఆరిపోయి పెచ్చు కట్టాయి, తేమ ముందు బేరింగ్‌లోకి పోయి తుప్పు పట్టించింది. నెలల తరబడి ఆ సందు వైపు నేను తొంగి కూడా చూడలేదు. బేరింగ్ బిగిసేకొద్దీ మోటారు స్టార్ట్ కావడానికే గింజుకుంది. కొత్త కండెన్సర్ వేసినప్పుడల్లా ఇంకొన్నాళ్లు లాక్కొచ్చింది, అంతే.

కాబట్టి మీరు ముందు షాఫ్టు తిప్పి చూడండి, మెయిన్ ఆపేశాకే సుమా. కదలకపోతే బేరింగ్ అయినా పోయి ఉండాలి, పంపులో నీళ్లు తోసే చక్రం, అదే ఇంపెల్లర్‌లో ఏదైనా చిక్కుకునైనా ఉండాలి. తేలిగ్గా తిరిగితే అప్పుడు కండెన్సర్‌ని అనుమానించండి. సింగిల్ ఫేజ్ మోటారుకి మొదటి తోపు ఇచ్చేది అదే. ఉబ్బి ఉన్నా, మీటరులో చూపే మైక్రోఫ్యారడ్లు (దాని కెపాసిటీ) దాని ఒంటి మీద రాసినదానికంటే బాగా తగ్గినా మార్చేయండి. ముట్టుకునే ముందు దాని రెండు కొసలకీ పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టిన హోల్డరు వైర్లు తగిలించి డిశ్చార్జ్ చేయండి. కరెంటు తీసేసినా అది షాక్ కొడుతుంది. ఈ రెండూ చూసేదాకా మళ్లీ మళ్లీ స్విచ్ వేయకండి. తిరగకుండా ఆగిన మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, బాగున్న వైండింగ్ కాలేది అప్పుడే.

ఓల్టేజీ సంగతి కూడా చూసుకోండి. సాయంత్రం మా లైన్‌లో 180కి పడిపోతుంది. 230 దగ్గర ఉండే తోపులో అప్పటికి మిగిలేది అరవై శాతమే. పొద్దున తిరిగి సాయంత్రం మూలిగితే మోటారుని తిట్టి ప్రయోజనం లేదు.

పడుతున్నది ఎంసీబీ కాకుండా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ తెంపేసే స్విచ్) అయితే అది వేరే జబ్బు. ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం, చాలాసార్లు నీళ్లు లోపలికి చేరడం వల్లే. 30 మిల్లీఆంపులకే పడిపోయేలా దాన్ని పెట్టేది నీళ్లలో మనుషులు కూర్చుంటారనే. "దాన్ని తప్పించి డైరెక్ట్ ఇస్తా" అనే మెకానిక్‌ని గేటు దాకా సాగనంపండి.

మాకు చివరికి బేరింగులు రెండూ, సీలూ కొత్తవి పడ్డాయి. మాది 6203, మీదానికి పాతదాని మీదున్న నంబరు చూసి తెచ్చుకోండి. బేరింగ్ మార్చి పాత సీలే బిగిస్తానంటే ఒప్పుకోకండి, మళ్లీ అక్కడే కారుతుంది. కొత్త సీలు ముఖాన్ని జిడ్డు వేళ్లతో తాకనివ్వకండి. బిగించాక టబ్బులో నీళ్లు నింపి, పంపులో గాలి పోయాకే ఆన్ చేయండి. పొడిగా తిరిగితే సీలు నిమిషాల్లో పోతుంది.

మోటారు ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఆ ఫొటో ఒకటి పెట్టండి. బయటి దేశం నుంచి వచ్చిన టబ్బులకి అలాంటి పంపులు ఉంటాయి. మన 50 హెర్ట్జ్ మీద అవి నెమ్మదిగా తిరుగుతూ వేడెక్కిపోతాయి. అలాంటిదైతే రిపేరు మాట పక్కనపెట్టి వేరే పంపు చూసుకోవడమే మేలు.