హీల్ లిఫ్ట్ పెట్టినా మడమ వెనక నొప్పి తగ్గట్లేదంటే

షూ మార్చాక మడమ వెనక నొప్పి మొదలైందని, హీల్ లిఫ్ట్ (షూలో మడమ కింద పెట్టే చిన్న దిమ్మ) పెట్టినా తగ్గలేదని, పైగా నడుం కూడా పట్టేసిందని అడిగిన ఒక రన్నర్‌కి ఇది జవాబు. లిఫ్ట్ కుడి షూలో మాత్రమే పెట్టానన్నారు కదా, అదీ ఇన్‌సోల్ (షూ లోపలి అట్ట) పైన. అకిలిస్ (పిక్కని మడమ ఎముకకి కలిపే స్నాయువు) నొప్పి అలాగే ఉండి, కొత్తగా నడుం కూడా పట్టేయడానికి చాలావరకు కారణం అదే. మడమ భాగం మునివేళ్ల భాగం కంటే 10 మి.మీ. ఎత్తుండే (10 మి.మీ. డ్రాప్) షూ నుంచి ఒకేసారి ఆ తేడా అసలు లేని జీరో డ్రాప్‌కి మారడంతో పిక్క మీద లాగుడు పెరిగి, అసలు నొప్పి ఆ మార్పుతోనే మొదలై ఉంటుంది.

1. నొప్పి ఒక్క కాలికే ఉన్నా, లిఫ్ట్ రెండు షూలలోనూ ఒకే ఎత్తులో పెట్టాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఒక కాలే పైకి లేస్తే తుంటి ఒరుగుతుంది, పరుగులో ప్రతి అడుగుకీ ఆ తేడా నడుం మీద పడుతుంది.

2. ఇన్‌సోల్ బయటికి తీసి దాని కింద పెట్టండి. మెత్తటి జెల్ వద్దు, బరువు పడగానే అణిగిపోతుంది. కార్క్ గానీ గట్టి ఫోమ్ గానీ తీసుకోండి.

3. 6 మి.మీ.తో మొదలుపెట్టండి. మడమ షూలోంచి పైకి జారుతుంటే పై రంధ్రం దాకా లేసు బిగించండి, అప్పటికీ జారితే ఆ షూకి అంత ఎత్తు పనికిరాదు.

4. లిఫ్ట్ లాగుడు తగ్గిస్తుందే గానీ బలం ఇవ్వదు. నేల మీదే నిలబడి, మడమలు నెమ్మదిగా ఎత్తి దించండి. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించొద్దు.

5. నొప్పి పోయాక ఒక్కసారిగా తీసేయకండి, వారాల తరబడి ఎత్తు తగ్గిస్తూ రండి.

ఎప్పుడైనా టప్‌మని శబ్దమొచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే, అదే రోజు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.