బావగారు పంపిన వీడియో చూసి ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడాదికి మూడున్నర లక్షల జీతంతో క్యాంపస్ సెలక్షన్ వచ్చింది. ఈ మధ్య మా బావగారు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. ఒక అమ్మాయి ఆఫీసులో కాఫీ తాగుతూ, టేబుల్ టెన్నిస్ ఆడుతూ కనిపిస్తుంది. ‘వీళ్లకా జీతాలు’, ‘ఇలాంటి పిల్లను ఎవరు చేసుకుంటారు’ అని కింద వందల కామెంట్లు. బావగారికి ఎదురు చెప్పలేక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. మా అమ్మాయికీ రీల్స్ పిచ్చి ఉంది. ఉద్యోగంలో చేరి పేజీ పెడతానంటోంది. సాఫ్ట్‌వేర్ మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో చేర్పిస్తే గౌరవంగా ఉంటుందని మావారు అంటున్నారు. రెండింటిలో ఏది మేలు? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్న చివర ఉంది, భయం మధ్యలో ఉంది. ‘ఎవరు చేసుకుంటారు’ అన్న మాట దగ్గరే మీకు నిద్ర పట్టలేదు. ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. వీడియో మారుతుంది, పంపినవారు మారతారు. ఒకసారి బావగారు, ఒకసారి పై వాటాలో అద్దెకుండే రిటైర్డు మాస్టారు. బ్యాంకుకూ సాఫ్ట్‌వేర్‌కూ పోలిక చెబుతాను. ముందు ఆ వీడియో సంగతి తేల్చుకుందాం.

మీరు పంపిన లింకు చూశాను. నిమిషం కూడా లేదు. కామెంట్లు మూసేసి ఇంకోసారి చూడండి. ఆ అమ్మాయి మెడలో ఐడీ కార్డు వెనక్కి తిప్పి ఉంటుంది. తన సీటు దగ్గరికి వచ్చేసరికి కెమెరా కీబోర్డునూ నీళ్ల సీసానూ చూపించి పైకి లేచిపోతుంది. మానిటర్ ఒక్కసారి కూడా కనిపించదు. చూపించకూడదు కాబట్టి కనిపించదు. క్లయింటు సమాచారం బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది. విదేశీ బ్యాంకులకూ బీమా సంస్థలకూ పనిచేసే కొన్ని విభాగాల్లో కెమెరా ఉన్న ఫోన్‌ను గుమ్మం దగ్గరే లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి. ఇక తీయడానికి మిగిలేవి క్యాంటీన్, కాఫీ మిషన్, ఆ టేబుల్ టెన్నిస్ బల్ల. పెళ్లి ఆల్బమ్‌లో గాడిపొయ్యి కనిపించదు. అంతమాత్రాన వండకుండానే వడ్డించారని అనుకుంటామా?

నా దగ్గరికి వచ్చే ఒక తండ్రి, కొండాపూర్‌లో కూతురు ఉండే ఫ్లాటుకు వెళ్లి రెండు రోజులు ఉన్నారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే, అమ్మాయి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ‘రోల్‌బ్యాక్ చేసేయండి, ఇప్పుడే చేసేయండి’ అంటోందట. ఏదో ఘోరం జరిగిందనుకుని ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు. కొత్తగా పెట్టిన ప్రోగ్రామ్ చెడిపోతే పాతదాన్ని తిరిగి పెట్టడమే రోల్‌బ్యాక్ అని ఆ పిల్ల తెల్లవారాక చెప్పింది. ఆ రాత్రి రీల్ ఎవరూ తీయలేదు. తీసినా బావగారు పంపరు.

ఈ తిట్ల సంగతి మన ఊరికో మన కులానికో పరిమితం కాదు, అది కూడా చెప్పాలి. ట్విటర్ ఆఫీసులో తన రోజు ఎలా గడుస్తుందో చూపిస్తూ అమెరికాలో ఒక ఉద్యోగిని వీడియో పెట్టింది. 2022 అక్టోబరులో కంపెనీ ఎలాన్ మస్క్ చేతికి వచ్చింది. నవంబరు మొదట్లో సుమారు సగం మందిని తీసేశారు. ‘అందుకే తీసేశారు’ అంటూ ఆ వీడియోనే లోకమంతా తిప్పారు. ఒక్కరోజు కూడా వీడియో తీయని ఉద్యోగులు వేలమంది అదే వారంలో ఇంటికి వెళ్లారన్నది ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంకో అమ్మాయి, న్యూయార్క్‌కు రానూపోనూ ప్రయాణంతో వండుకోవడానికి కూడా సమయం మిగలడం లేదని కెమెరా ముందు ఏడ్చింది. ఈ తరానికి ఒళ్లు వంగదని తిట్టారు. 2024 జనవరిలో, వెబ్‌సైట్ల భద్రత చూసే క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికా కంపెనీలో, తనను తీసేస్తున్న వీడియో కాల్‌ను ఒక సేల్స్ ఉద్యోగిని రికార్డు చేసి పెట్టింది. కారణం చెప్పండని ఆమె గట్టిగా అడిగింది. ఇక ఎవరూ ఉద్యోగం ఇవ్వరని శాపాలు పెట్టారు. ఆ కంపెనీ అధిపతే ఆ వీడియో చూడటం బాధగా ఉందనీ, తీసేసిన పద్ధతి సరిగా లేదనీ ఒప్పుకున్నాడు.

ఒకామె నవ్వింది, ఒకామె ఏడ్చింది, ఒకామె అడిగింది. ముగ్గురూ తిట్లు తిన్నారు. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అని మనకో పాడు సామెత ఉంది. అందులో ఏడ్చే ఆడదానికైనా మినహాయింపు ఉండేది. ఇప్పుడు అదీ ఎత్తేశారు.

ఇక మీవారి ఆలోచన. బ్యాంకులో అయితే ‘గౌరవంగా’ ఉంటుందన్నారు, అంటే కెమెరా కంట పడదని. నిజానికి జరిగేది తలకిందులు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు కార్డు గీకితేగాని తలుపు తెరుచుకోదు. బ్యాంకు కౌంటరు ముందు ఫోను లేని మనిషి ఉండడు. 2025 మేలో బెంగళూరు శివార్లలో ఒక ప్రభుత్వ బ్యాంకు శాఖ మేనేజరు కన్నడం మాట్లాడనని ఖాతాదారుతో వాదించింది. ఎదుటివాడు వీడియో తీశాడు. ముఖ్యమంత్రి ఖండించారు, ఆమెను బదిలీ చేశారు. తప్పు ఆమెదే కావచ్చు, నేను అడ్డం పడను. కౌంటరులో కూర్చున్న మనిషికి ఆఫ్ బటన్ ఉండదని మాత్రం చెబుతున్నాను. ప్రభుత్వ కార్యాలయమైనా అంతే. కేరళలోని తిరువల్ల మున్సిపాలిటీ సిబ్బంది 2024లో ఒక ఆదివారం ఆఫీసులో సరదాగా రీల్ చేస్తే షోకాజ్ నోటీసులు వచ్చాయి. సెలవు రోజు, పనికి అడ్డు రాలేదు, చర్య అక్కర్లేదని మంత్రి ఎం.బి. రాజేశ్ అన్నాక సద్దుమణిగింది.

పోలిక అడిగారు కనుక రెండు మాటలు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరు మూల వేతనం నెలకు 48,480 రూపాయలతో మొదలవుతుంది. మీ అమ్మాయికి వచ్చిన మూడున్నర లక్షల కన్నా అది నిస్సందేహంగా ఎక్కువ. దానితోపాటు బదిలీలు వస్తాయి, భాష రాని ఊళ్లు వస్తాయి. పరీక్ష సంగతులు మీకు తెలిసినవే. 30 ఏళ్ల వరకు రాయవచ్చు కనుక ఉద్యోగం చేస్తూ కూడా రాసుకోవచ్చు. ఆ పిల్లకు బ్యాంకు పని ఇష్టమైతే నేనే పుస్తకాలు చెబుతాను. కామెంట్లకు భయపడి మాత్రం చేర్పించకండి.

పేజీ పెడతానన్న మాట దగ్గర నాకు మీకన్నా ఎక్కువ అనుమానం ఉంది. నా కారణం మాత్రం వేరు, ఇందులో పరువు ప్రసక్తి లేదు. ఇప్పుడు కొందరు కోచ్‌లు మొదటి జీతం రాకముందే ‘పర్సనల్ బ్రాండ్’, అంటే సోషల్ మీడియాలో తమ పేరుకు ఒక గుర్తింపు, కట్టుకోమని పిల్లలకు నూరిపోస్తున్నారు. ఆరు నెలలు కూడా పని చేయని పిల్ల లోకానికి పని గురించి ఏం చెబుతుంది? చెప్పడానికి ఏమీ లేదు కనుక కాఫీ చూపిస్తుంది. కాఫీ చూపిస్తే ఏమవుతుందో బావగారి గ్రూపులో చూశారు. పైగా చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాల్లో సోషల్ మీడియా నియమాలు ఉంటాయి, ఇతర ఆదాయం గురించి షరతులు ఉంటాయి. చదివేవాళ్లు తక్కువ. పేరు రావడం కూడా మన చేతిలో ఉండదు. మాదాపూర్‌లో అన్నం అమ్ముకునే కుమారి ఆంటీ వీడియోలతో ఊరంతటికీ తెలిసింది. జనం ఎగబడి ట్రాఫిక్ ఆగిపోయింది, 2024 జనవరిలో పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి కల్పించుకుంటే గాని మళ్లీ పెట్టుకోలేకపోయింది. మీ అమ్మాయి కోసం ముఖ్యమంత్రి రాడు.

అయినా పేజీ వద్దని నేను అనను. ఒక ఏడాది ఆగమంటాను. ఆ తర్వాత ఆఫీసు గోడలూ తోటివాళ్ల ముఖాలూ లేకుండా, తను నేర్చుకున్నది ఏదైనా చెప్పనివ్వండి. ఎవడైనా ఫొటో మార్ఫింగ్ చేస్తే దాచుకుని ఏడవనక్కర్లేదు. ఫిర్యాదు చేసిన రెండు గంటల్లో ఆ సోషల్ మీడియా వేదిక దాన్ని తీసేయాలని, 2026లో సవరించిన 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. ఆఫీసులోనే ఎవరైనా లైంగికంగా వేధిస్తే, పదిమంది లేక అంతకన్నా ఎక్కువ మంది ఉన్న ప్రతి సంస్థలోనూ 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా పరవాలేదు. ఆ గ్రూపులో మీ అమ్మాయి కూడా ఉంది కదా? తన వయసు పిల్లను తిట్టిన ఆ వీడియోను పెద్దనాన్న పెట్టినచోట, అమ్మ దండం పెట్టిందని తను చూసింది. ముక్కూ ముఖం తెలియని వందమంది రాసినదాన్ని ఆ పిల్ల దులిపేసుకుంటుంది. ఆ ఒక్క బొమ్మ గుర్తుంటుంది. రేపు ఆఫీసులో నిజంగా ఇబ్బంది వస్తే మీకు చెప్పదు. చెబితే మీరు ఎవరి పక్కన నిలబడతారో తనకు తెలిసిపోయింది కదా.

నిజంగా భయపడవలసినది వేరే ఉంది, దాని గురించి మీరు ఒక్క ముక్క అడగలేదు. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న కొన్ని బ్యాచ్‌లు 2024 దాకా జాయినింగ్ కోసం ఎదురుచూశాయి. శిక్షణలో పరీక్షలుంటాయి, తప్పితే పంపేసే కంపెనీలున్నాయి. కొన్నిచోట్ల, గడువుకు ముందే మానేస్తే డబ్బు కట్టాలనే బాండు ఉంటుంది. ఇవాళ రాత్రి ఆ ఆఫర్ లెటర్ తీసి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా చదవండి. జాయినింగ్ తేదీ రాశారా లేదా చూడండి. రాసి ఉంటే, దాన్ని కుటుంబ గ్రూపులో మీరే పెట్టండి, బావగారి వీడియో కిందనే.