మూలస్తంభం అని రాసేముందు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ హెడ్‌మిస్ట్రెస్ గారి రిటైర్మెంట్ సభ కోసం నువ్వు రాసి పంపిన సన్మానపత్రం రెండుసార్లు చదివాను. ఆవిడంటే నీకు ఎంత గౌరవమో ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. కానీ మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. "మా పాఠశాలకు పునాదిరాయి, మూలస్తంభం, వెన్నెముక, మా అందరికీ ఆలంబన" అన్నావు. ఒక్క మనిషి నెత్తిన నాలుగు పనులు పెట్టావు తల్లీ. పునాది నేల కింద ఉంటుంది, ఎవరికీ కనబడదు. స్తంభం నలుగురి కళ్ళెదుటా నిలబడుతుంది. వెన్నెముక ఇంటిది కాదు, ఒంటిది. ఆలంబన తీగ పట్టుకుని పాకేది. నాలుగూ ఒకేసారి వింటే సభలో వాళ్ళకి ఒక్కటీ గుర్తుండదు.

పత్రిక డెస్కులో ముప్పై ఏళ్ళు ఇలాంటి మాటలే దిద్దాను. కానీ వాటి అసలు అర్థం నాకు డెస్కులో తెలియలేదు, మీ ముత్తాత గారి తాటాకింట్లో తెలిసింది. ఆ ఇంటి నడిమధ్య నిట్టాడి, అంటే కప్పు మోసే గుంజ, ఉండేది. చేవదేరిన నల్లతుమ్మ మొద్దు, పొగకి నల్లగా నిగనిగలాడేది. పైన వెన్నుగాడిని, అంటే కప్పు నడినెత్తిన అడ్డంగా ఉండే దూలాన్ని, మోసేది అదే. వెన్నుగాడి మీద నుంచి రెండు వైపులా వాసాలు చూరు దాకా దిగేవి. ఏటా వానలకి ముందు తాతయ్య గొడ్డలి తిరగేసి, నిట్టాడి మొదట్లో కొట్టి చెవి పెట్టి వినేవాడు. గుంజ పైన పుచ్చదు, లోతున పుచ్చదు, మట్టీ గాలీ కలిసే ఆ జానెడు మేరే పుచ్చుతుందని చెప్పేవాడు. పాతే ముందే ఆ కొస కాల్చి తారు పూయడం కూడా అందుకే.

ఒక ఏడాది మోత తేడాగా వచ్చింది. నిట్టాడి మార్చాలి. దాన్ని పీకే ముందు అటొకటి ఇటొకటి ఊత గుంజలు పెట్టి, కింద చీలికలు కొట్టి బిగించి, బరువంతా వాటి మీదికి ఎక్కించారు. మూడు రోజులు ఇల్లు ఆ ఊతం మీదే ఉంది. కొత్త నిట్టాడి నిలబెట్టాక ఊత గుంజలు తీసి పెరట్లో వేశారు. ఊతం అంటే ఏమిటో, నిట్టాడి అంటే ఏమిటో ఆ మూడు రోజుల్లో కళ్ళతో చూశాను. రెండూ మోసేవే. ఒకటి గండం గట్టెక్కిస్తుంది, ఒకటి ఇల్లున్నన్నాళ్ళూ ఉంటుంది.

అంత చూసి కూడా నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్ద రైతు సంస్మరణ రాస్తూ, ఆయన భార్య "చివరిదాకా ఊతకర్రగా నిలిచారు" అన్నాను. పదో రోజున వాళ్ళింటికి వెళ్తే ఆవిడ ఒకే మాట అడిగింది. "ఆయన మంచాన పడి పదకొండేళ్ళు బాబూ. పొలం నేను చేశాను, పిల్లల పెళ్ళిళ్ళు నేను చేశాను. కర్ర అని రాశారేం?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. అందుకే నీకు ఇంత చెబుతున్నాను. మాట ఎంచుకునే ముందు ఆ మనిషి ఏ బరువు మోసింది, ఎంతకాలం మోసింది, ఎటు నుంచి మోసింది అని అడిగి తెలుసుకో.

మాటలకి రంగులు కూడా ఉంటాయి. వెన్నుదన్ను అంటే గౌరవంగానే ఉంటుంది. అదే "ఎవరి దన్ను చూసుకుని ఈ ధైర్యం?" అంటే తిట్టు. కొమ్ము కాశారు, వత్తాసు పలికారు అంటే తప్పుడు పనికి తోడు నిలిచారనే వినబడుతుంది. అండ, చేయూత ఎక్కడైనా నప్పుతాయి. స్తంభంతో మాత్రం జాగ్రత్త. స్తంభం నిలబెడుతుంది, కానీ దాని నుంచే వచ్చిన స్తంభించడం అంటే కదలకుండా ఆగిపోవడం. "మూలస్తంభమైన ఆవిడ వెళ్ళిపోతే బడి స్తంభిస్తుంది" అని చివర్లో రాశావు చూడు, అది తీసెయ్యి. రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి.

పైగా నిలబడ్డ ప్రతి స్తంభమూ నేల మీద ఆనదు. లేపాక్షి వీరభద్రుడి గుడిలో వేలాడే స్తంభం కింద నుంచి జనం గుడ్డ దూర్చి లాగి చూస్తారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టింది 1163లో. దాని కల్యాణమండపం పునాది దెబ్బతింటే 2006లో రాళ్ళన్నీ విప్పి, కింద నుంచి మళ్ళీ కట్టుకొచ్చి, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచారు. అన్ని స్తంభాలుండి కూడా కింద బలం తగ్గాక నిలవలేదు. మీ బడిలో ఎవరికీ కనబడకుండా ఆ పని చేసినవాళ్ళు, వంట చేసే ఆవిడో అటెండరో, ఉంటే పునాది అన్న మాట వాళ్ళ కోసం దాచు. సభలో వాళ్ళ పేరు కూడా చదువు.

మరి హెడ్‌మిస్ట్రెస్ గారికి ఏ మాట? నాకు తోచింది చెబుతాను. మీ పక్కింటి స్లాబ్ పోసినప్పుడు చూసే ఉంటావు. కింద సెంట్రింగ్ చెక్కలు, వాటికి వరసగా సరుగుడు బాదులు. కాంక్రీటు గట్టిపడే రెండు మూడు వారాలూ బరువంతా వాటిదే. తొందరపడి తీస్తే స్లాబ్ కూలుతుంది. గట్టిపడ్డాక తీసేస్తారు, స్లాబ్ తన బరువు తనే మోసుకుంటుంది, ఆ బాదులు ఇంకో ఇంటికి వెళ్ళిపోతాయి. టీచర్ చేసేది నాకు అచ్చంగా అలాగే కనిపిస్తుంది. అలాగని సన్మానపత్రంలో ఆవిణ్ణి సరుగుడు బాదు అనకు, బాగుండదు. ఆ పనిని చెప్పు. ఇక బడి మానేద్దామనుకున్న పిల్ల ఎవరైనా ఆవిడ వల్ల మళ్ళీ వచ్చిందా? ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది? పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి అడుగు. ఒక్క సంగతి దొరికినా మూడో వాక్యం మొత్తం కొట్టేసి అది పెట్టు.

రాశాక పైకి చదువు. ప్రతి పేరాలో "నిజంగా" అని వస్తోంది, అది నీ ఊతపదం అయిపోయింది. నాకు తెలిసి ఏడుచోట్ల ఉంది, ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యి. సభ శనివారం అన్నావు కదా, బుధవారం రాత్రికి మళ్ళీ పంపు. కళ్ళజోడు మార్చుకున్నాను, చిన్న అక్షరాలైనా పర్లేదు.

మీ పెదనాన్న