పడవ కట్టామా, కుట్టామా?

సందేహం: మాది చెన్నై, వేళచ్చేరి. రిటైరైన నలుగురం కలిసి మా మేడ మీద షెడ్డు వేసుకుని ప్లైవుడ్‌తో పదడుగుల పడవ ఒకటి చేస్తున్నాం. ఒక పాత చెక్క పడవ కూడా కొన్నాం. 'పడవ కడుతున్నాం' అని వాట్సాప్ గ్రూపులో పెడితే, నెల్లూరు మిత్రుడొకాయన 'ఏ రేవుకు కడుతున్నారేమిటి?' అని ఆటపట్టించారు. 'కట్టడం' తమిళం నుంచి మా నోటికి అంటుకున్నదా? పాత పడవ పనిని 'పునరుద్ధరణ' అనవచ్చా?

సమాధానం: తమిళం మీదికి నెట్టనక్కర్లేదు. ఇల్లు కడతాం, చెరువుకి గట్టు కడతాం, పిట్ట గూడు కడుతుంది. ఆవును రాటకు కట్టడమూ అదే మాట. తమిళంలోనూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. మీ మిత్రుడి హాస్యానికి ఆధారం ఆ రెండో అర్థమే. 'పడవను రేవుకు కట్టాడు' అన్నప్పుడు ఆ 'రేవుకు' ఉండబట్టే తాడు గుర్తొస్తుంది. 'మేడ మీద పడవ కడుతున్నాం' అంటే మాత్రం ఎవరూ తాడు వెతుక్కోరు.

కానీ అసలు సంగతి వేరే ఉంది. పడవ పని చెప్పేటప్పుడు, అది ఎలా తయారవుతుందో దాన్నిబట్టే క్రియ పలుకుతుంది. కొల్లేటి వైపు తాటిమానును చీల్చి, లోపలి మెత్తటి బెండు తీసేసిన దాన్ని దోనె అంటారు. దోనెను తొలుస్తారు. కృష్ణలో తిరిగే పుట్టిని వెదురు బద్దలతో అల్లుతారు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగిస్తే తెప్ప. దాన్నే మీ ఊళ్ళో కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను 'కాటమరాన్' చేసుకుని, ఇప్పుడు జంట పడవకు పేరుగా వాడుతున్నారు, కట్టిన దుంగలు మాయమయ్యాయి!

ఇక కుట్టడం. మద్రాసుకు 1875లో హార్బరు పని మొదలయ్యేదాకా, ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చేది మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకల అంచుల్లో చిల్లులు పొడిచి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అక్కడి అలల దెబ్బకు మేకులు కొట్టిన బిగువు పడవ పగిలిపోతుంది, కుట్టింది కాస్త వంగి తట్టుకుంటుంది. అంటే పడవ కుట్టడం మీ తీరానికి కొత్త మాట కాదు.

మీరు రాయలేదు గానీ, ప్లైవుడ్ పడవల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఇలా ఉంటుంది: కోసిన ప్లైవుడ్ ముక్కల అంచులు కలిపి, సన్నటి రాగి తీగతో కుట్టి, అతుకుల మీద జిగురు, గ్లాస్‌ఫైబర్ పట్టీ వేసి, గట్టిపడ్డాక తీగ లాగేస్తారు. ఇంగ్లండులో 1963లో వచ్చిన మిర్రర్ అనే చిన్న పడవ ఈ పద్ధతిలో ఇంట్లోనే చేసుకునేలా వచ్చింది. మీ పడవ అలాంటిదైతే 'పడవ కుడుతున్నాం' అని రాయండి. మిత్రుడు ఈసారి దర్జీ గురించి అడుగుతాడు, అది వేరే సంగతి.

'పునరుద్ధరణ' గుళ్ళకూ చెరువులకూ, తుఫాను తర్వాత కరెంటుకూ బాగుంటుంది. మీ పాత పడవకు మరమ్మతు చాలు, 'బాగు చేస్తున్నాం' అంటే ఇంకా హాయి. సందుల్లో నూలు దూర్చి గుగ్గిలం పట్టించడం కూడా ఆ మాటలోకే వస్తుంది. ఎండలో చాలాకాలం ఉన్న చెక్క పడవను నీళ్ళలో దింపగానే లోపలికి నీరు ఊరితే కంగారు పడకండి. కొన్నాళ్ళు నానితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. దీనికి మన నోట ఉన్న మాట 'నానబెట్టడం'. పప్పుకీ అదే, పడవకీ అదే.

అన్నట్టు, మీ పదడుగుల దాన్ని 'ఓడ' అన్నారని ఎవరైనా నవ్వితే, 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య' అనే సామెత చెప్పండి. ఆ ఏటిని దాటించినది పెద్ద ఓడ కాదు. తమిళంలో ఇప్పటికీ 'ఓడం' అంటే చిన్న పడవే.