529 ప్లాన్‌లోంచి తీసి పాత బోటు కొనవచ్చా?

ప్రశ్న: మాది మిషిగన్‌లోని నోవై. పిల్లల చిన్నప్పుడు లేక్ సెయింట్ క్లెయిర్‌లో మాకో పాత కాబిన్ క్రూజర్ (లోపల పడుకోవడానికి గది ఉన్న బోటు) ఉండేది. ఐదు వేసవులు అందులోనే గడిపి, ఇల్లు కొన్నప్పుడు అమ్మేశాం. ఇప్పుడు అలాంటిదే, 1962 నాటి క్రిస్-క్రాఫ్ట్ చెక్క బోటు, 28 అడుగులది, 9,000 డాలర్లకు వస్తోంది. టెన్త్ గ్రేడ్ చదువుతున్న పాప కాలేజీకి దాచిన 529 ప్లాన్‌లోంచి తీసి కొనవచ్చా?

జవాబు: 529 జోలికి వెళ్ళకండి. చదువుకు కాక వేరే ఖర్చుకు తీస్తే, అందులో పెరిగిన లాభం మీద ఇన్‌కం ట్యాక్స్ పడుతుంది, ఆ లాభం మీదే 10 శాతం పెనాల్టీ అదనం. పాప కాలేజీకి ఇంక రెండేళ్ళే ఉంది.

అలాగని బోటే వద్దని నేను అనను. మాకూ అలాంటిది ఆరేళ్ళు ఉండేది. పెట్రోలు ఇంజిన్ కదా, స్టార్ట్ చేసే ముందు అడుగున చేరిన ఆవిరి పోవడానికి నాలుగు నిమిషాలు బ్లోయర్ వేయాలి. ఆ నాలుగు నిమిషాలూ మా అమ్మాయి పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు వందల నలభై దాకా తెలుగులో లెక్కపెట్టేది. దానికి తెలుగు అంకెలు వచ్చింది అక్కడే. వార్నిష్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

ఈ బోట్లను కొనడం తేలికే, మేపడమే కష్టం. మెరీనాలో డాక్ అద్దె, చలికాలం ఒడ్డుకెక్కించి దాచడం, ఇన్సూరెన్స్, ఏటా వార్నిష్, బోటు అడుగుకు పెయింట్, గంటకు పది గాలన్ల దాకా తాగే ఇంజిన్. చలికాలమంతా ఎండిన చెక్కల సందుల్లోంచి వసంతంలో నీళ్ళు వస్తాయి, ఆ చెక్కలు నాని ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. మొదటి ఏడు మేం రాత్రంతా పంపు వేసి ఇంటికి వెళ్ళిపోయాం. తెల్లారేసరికి బ్యాటరీ అయిపోయి, కాబిన్‌లో మోకాలి లోతు నీళ్ళు. ఆ రిపేరు 1,400 డాలర్లయింది. మరుసటి ఏడు నుంచి రెండు రోజులు క్రేన్ పట్టీల మీదే నీళ్ళలో నాననిచ్చాం.

అందుకని ఇలా చేయండి. మీ మెరీనాలో అద్దె, చలికాలం దాచే ఖర్చు కనుక్కుని, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించండి. వచ్చిన మొత్తాన్ని ఈ నెల నుంచే జీతంలోంచి వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. వచ్చే వసంతం దాకా ఇల్లు టెన్షన్ లేకుండా నడిస్తే, బోటును మేపగలరని అర్థం. కొనే డబ్బు కూడా చాలావరకు అక్కడే చేరుతుంది. ఈ బోటు అప్పటికి పోతే పోనివ్వండి, మిషిగన్‌లో క్రిస్-క్రాఫ్ట్‌లకు కరువు లేదు. అల్గొనాక్ మన రాష్ట్రంలోనే కదా, ఆ కంపెనీ పుట్టిందే అక్కడ.

పడకలు, వంటగది, టాయిలెట్ ఉంటే బోటును రెండో ఇంటి కింద చూపి లోన్ వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు వస్తుందని ఎవరైనా చెప్పొచ్చు. అది నిజమే. కానీ ఖర్చులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ (స్థిర మినహాయింపు) తీసుకునేవాళ్ళకు దానివల్ల పైసా రాదు, దానికోసం అప్పు చేయకండి.

కొనే ముందు మాత్రం మెరైన్ సర్వేయర్‌తో (బోట్లను పరీక్షించే నిపుణుడు), బోటును ఒడ్డుకెక్కించి, అడుగున కొన్ని స్క్రూలు ఊడదీయించి చూడండి. ఆ రిపోర్టు లేకపోతే ఇంత పాత చెక్క బోటుకు ఇన్సూరెన్స్ దొరకడమే కష్టం. ఆ రోజు పాపను కూడా వెంట తీసుకెళ్ళండి.