కత్తి పిడి మీద ఆ గీతలు చెరపకండి

ప్రశ్న: మా అత్తగారింట్లో ముత్తాతల నాటి కత్తి ఒకటుంది. పిడి నిండా వెండి లతలు, పూలు. కొన్నిచోట్ల వెండి లేచిపోయి, కింద బ్లేడుతో గీరినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. మామయ్యగారు ఇది బిద్రీ పని అంటారు. ఒక షాపులో చూపిస్తే, గీతలు అరగదీసి మొత్తానికి వెండి నీళ్లు ఎక్కిస్తామన్నారు. దసరా లోపు చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: వద్దమ్మా, దయచేసి చేయించకండి. ఆ గీతలు ఎవరో గీరి పాడుచేసినవి కావు. ఇన్నేళ్లూ వెండిని పట్టుకుని ఉన్నవి అవే.

ముందు బిద్రీ సంగతి తేల్చుకుందాం. ఫ్రిజ్ తలుపుకి అంటించే మాగ్నెట్ తీసి పిడికి ఆనించండి. అతుక్కుంటే అది ఇనుము. బిద్రీ లోహంలో చాలావరకు జింకే, కాస్త రాగి కలుస్తుంది, దానికి మాగ్నెట్ అంటదు. బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి పట్టిస్తే ఆ లోహం నల్లబడి, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. మీరు చెప్పిన గీతలను బట్టి మీది ఇనుము మీద చేసిన కోఫ్త్‌గరీ పని అనిపిస్తోంది. పారసీలో కోఫ్తన్ అంటే కొట్టడం, దంచడం. మనం తినే కోఫ్తా కూడా ఆ మాటలోంచి వచ్చిందే.

ఈ పని ఉదయ్‌పూర్‌లో దగ్గర కూర్చుని చూశాను. పనివాడు సన్నటి ఉలితో ఇనుము మీద ఒక వాలుగా గీతలు గీశాడు, తర్వాత వాటికి అడ్డంగా, మళ్లీ ఇంకో వాలుగా. వేలు పెట్టి చూస్తే ఆకురాయి తగిలినట్టుంది. ఆ గరుకు మీద తలవెంట్రుకంత వెండి తీగను మొనతో నొక్కుతూ పోయాడు. లత ఎక్కడ తిరిగితే తీగ అక్కడ తిరిగింది. జిగురు లేదు, టంకం లేదు. చిన్న సుత్తితో తట్టేసరికి మెత్తటి వెండి ఆ గీతల్లోకి దిగి కూర్చుంది. ఆ తర్వాత ఇనుమును వేడిచేసి నీలిరంగు తెప్పించి, హకీక్ (అగేట్) అనే నున్నటి రాయితో రుద్దాడు. అంత నీలంలో ఆ తెల్లటి తీగ మెరిసింది చూడండి, ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

తహ్‌నిషాన్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ఇనుములో కాలువ తవ్వి, మందపాటి వెండిని దిగ్గొడతారు. వెండి ఊడితే లోతైన గాడి కనిపిస్తుంది, ఇలాంటి గీతలు కాదు.

షాపువాళ్లు చెప్పినట్టు అరగదీస్తే పని చరిత్రంతా పొడిగా రాలిపోతుంది. ఇప్పుడైతే భూతద్దం పెట్టి చూడండి, గీతల్లో ఇరుక్కున్న వెండి నలుసుల వరసను బట్టి పువ్వు ఎంతవరకు ఉండేదో తెలుస్తుంది. పైగా ఇలాంటి పిడుల్లో కత్తి మొదలును సాధారణంగా లక్క పోసి నిలబెడతారు. వేడి తగిలితే కరిగి పిడి వదులైపోతుంది.

ఇక దసరా మాట. వెండి లేవడానికి కారణం కింద పట్టే తుప్పు. వెండీ ఇనుమూ తాకుతున్న చోట తడి చేరితే ముందు తినేసేది ఇనుమునే, అది ఉబ్బి పైనున్న వెండిని లేపేస్తుంది. ఒక ఇంట్లో ఏటా ఆయుధపూజకు చింతపండుతో తోమి, కడిగి, పసుపు కుంకుమ పెట్టిన కటారు చూశాను. ఒకవైపు ఉట్టి ఇనుమే మిగిలింది. పాపం, వాళ్లు భక్తితోనే చేశారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మీరు పూజ మానక్కర్లేదు. కత్తి కింద పరిచిన పట్టుగుడ్డకి బొట్లు పెట్టండి. తుడవాలంటే పొడి నూలుగుడ్డ చాలు, అదీ వెండి లేచిన చోట తగలకుండా. టూత్‌పేస్టు, విభూతి, నిమ్మకాయ ఏవీ వద్దు. వెండి కాస్త నల్లబడితే నల్లబడనివ్వండి. చేతి చెమట తగలకుండా గ్లోవ్స్ వేసుకోండి. ఒరలో తేమ నిలుస్తుంది కాబట్టి కత్తిని విడిగా ఉంచండి.

ఒక పని మాత్రం ఈరోజే చేయండి. పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటే, దాని అడుగువైపు టార్చి వేసి చూడండి. అక్కడ అరచేయి అంతగా రాసుకోదు. వెండి నిండుగా మిగిలి ఉంటే అక్కడే ఉంటుంది. పిడంతా ఒకప్పుడు ఎలా ఉండేదో మీ మామయ్యగారికి అదే చూపించి, ఫోటో తీసి దాచండి.